ఒక అంకె, ఏడు సున్నాలు: ముక్కలుగా ట్రిమ్ చేస్తే ఇమేజ్ ఎందుకు తగ్గదు?

లైనక్స్ వర్చువల్ మెషీన్‌లో ఫైళ్లు తీసేసి, ఖాళీ అయిన జాగాను వదిలించే ఎఫ్‌ఎస్‌ట్రిమ్ (fstrim) కమాండ్‌ను 16 ఎంబీ ముక్కలుగా నడిపినా, హోస్ట్‌లో, అంటే ఆ మెషీన్‌ను నడిపే అసలు కంప్యూటర్‌లో, దాని డిస్కుగా పనిచేసే ఇమేజ్ ఫైలు తగ్గడం లేదని అడిగారు. మీ స్క్రిప్ట్‌లో తప్పు లేదు. అనంతపురంలో మా కళాశాల ల్యాబ్‌లో ఇదే చిక్కుతో నేను రెండు వారాలు అవస్థ పడ్డాను.

మా సర్వర్‌లో ఉన్నవి పాత హార్డ్ డిస్కులు. ట్రిమ్ మొత్తం ఒకేసారి నడిపితే పిల్లల ప్రాక్టికల్స్ నిలిచిపోయేవి. అందుకే మేమూ మీలాగే ముక్కలు చేశాం. ఇమేజ్ కొంచెం తగ్గి అక్కడే ఆగింది. మొదట వర్చువల్ మెషీన్లను నడిపే హైపర్‌వైజర్‌ను అనుమానించి, ఖాళీ జాగాను వదిలించే డిస్కార్డ్ సెట్టింగును మళ్లీ మళ్లీ సరిచూశాను. ఒక రాత్రి, ఒక్కో ముక్కకు ఎన్ని బైట్లు ట్రిమ్ అయ్యాయో రాసిన లాగ్‌ను పై నుంచి కిందికి చదువుతుంటే వరుస కనిపించింది. ఒక అంకె, తర్వాత ఏడుసార్లు సున్నా బైట్లు. మళ్లీ ఒక అంకె, మళ్లీ ఏడు సున్నాలు. పదహారు ఎనిమిదులు నూట ఇరవై ఎనిమిది. లైనక్స్ డిస్కులో ఫైళ్లను అమర్చే ఈఎక్స్‌టీ4 (ext4) పద్ధతిలో డిస్కు చిన్న బ్లాకులుగా, ఆ బ్లాకులు గ్రూపులుగా ఉంటాయి. బ్లాకు 4 కేబీ అయితే ఒక్కో బ్లాక్ గ్రూపులో 32,768 బ్లాకులు, అంటే సరిగ్గా 128 ఎంబీ!

ట్రిమ్ అయిన గ్రూపును ఊరికే మళ్లీ ట్రిమ్ చేయకుండా కెర్నెల్ (లైనక్స్ కేంద్ర భాగం) దానికి ఒక గుర్తు పెట్టుకుంటుంది. ఆలోచన మంచిదే. కానీ పాత కోడ్ గ్రూపులో ఒక్క ముక్క ట్రిమ్ అయినా గ్రూపు మొత్తానికీ గుర్తు పెట్టేసేది. వేరుశనగ చేనులో నాలుగు సాళ్లు కలుపు తీసి, చేనంతా అయిపోయిందని చెప్పినట్టు. మిగిలిన ఏడు ముక్కలూ ఆ గుర్తు చూసి ఏమీ చేయకుండా వెనుదిరిగేవి. అదృష్టవశాత్తూ దీనివల్ల డేటా పోదు, ఖాళీ జాగా హోస్ట్‌కు తిరిగి రాదు, అంతే.

నన్ను ఎక్కువగా తప్పుదారి పట్టించింది మరొకటి. ఆ గుర్తు మెమరీలోనే ఉంటుంది. రీబూట్ చేస్తే పోతుంది, ఆ గ్రూపులోని ఫైలు ఏదైనా చెరిపినా పోతుంది. అందుకే కొన్ని రోజులు అంతా బాగైనట్టే అనిపించేది. పైగా ఎఫ్‌ఎస్‌ట్రిమ్ చూపే అంకె డిస్కార్డ్‌కు పంపిన ఖాళీ జాగా మాత్రమే, ఇమేజ్ తగ్గిన పరిమాణం కాదు. దాన్ని నమ్మకండి. హోస్ట్‌లో డీయూ (du) కమాండ్‌తో ఇమేజ్ నిజంగా ఎంత జాగా తీసుకుంటోందో చూడండి.

ఈ లోపాన్ని 2022లో సరిచేశారు. గ్రూపును మొదటి బ్లాకు నుంచి చివరి బ్లాకు వరకు చూసినప్పుడే ఇప్పుడు గుర్తు పడుతుంది. మీ కెర్నెల్‌లో ఆ సవరణ ఉందో లేదో వెర్షన్ సంఖ్యను బట్టి ఊహించకండి. 1 జీబీ ఖాళీ ఫైలును లూప్ పరికరంగా (ఫైలునే డిస్కులా వాడే ఏర్పాటు) పెట్టి, ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ చేసి, డేటాతో నింపి, చెరిపి, సింక్ చేయండి. తర్వాత 128వ ఎంబీ నుంచి 16 ఎంబీ, 144వ ఎంబీ నుంచి మరో 16 ఎంబీ ట్రిమ్ చేయండి. రెండోది సున్నా చూపితే లోపం ఉన్నట్టే.

కెర్నెల్ మార్చే వీలు లేకపోతే ముక్కను 128 ఎంబీ చేసి, ప్రతి ముక్కా 128 గుణిజం దగ్గరే మొదలయ్యేలా చూడండి. అంతకంటే ముందు మెషీన్‌ను ఒకసారి రీబూట్ చేయాలి, లేకపోతే పాత గుర్తులు అడ్డుపడతాయి. నేను ఈ సంగతి మరచి ఒక రాత్రి వృథా చేసుకున్నాను. మీ బ్లాకు సైజు 4 కేబీయేనా అన్నది డంప్‌ఈ2ఎఫ్‌ఎస్ (dumpe2fs) కమాండ్ చెబుతుంది.