వృద్ధుల సేవలకు సర్కారు గ్రాంట్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా కాలనీ సంఘం తరఫున 60 దాటినవాళ్ల కోసం ఫిజియోథెరపీ కేంద్రం పెట్టాలనుకుంటున్నాం. ఢిల్లీ నుంచి గ్రాంటు వస్తుందంటున్నారు. ఎవరిని అడగాలి, ఏమేం కావాలి?
– కాలనీ సంఘం కార్యదర్శి, మాగుంట లేఅవుట్, నెల్లూరు

జవాబు: వస్తుంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ ‘అటల్ వయో అభ్యుదయ యోజన’ కింద స్వచ్ఛంద సంస్థలకు నిధులిస్తుంది. వృద్ధాశ్రమం, మంచాన పడ్డవాళ్లను చూసుకునే కేంద్రం, సంచార వైద్య వాహనం, ఫిజియోథెరపీ క్లినిక్ ఇందులోకి వస్తాయి. ఆశ్రమానికి కనీసం 25 మంది నిరుపేద వృద్ధులుండాలి. క్లినిక్‌కు నెలకు 50 మంది రావాలి. అదే పది మంది అయిదేసి సార్లు వస్తే 50 మంది అయినట్టు కాదు, తనిఖీకి వచ్చినవాళ్లు ముందు చూసేది ఇదే.

సంఘం రిజిస్టరై రెండేళ్లు నిండాలి. కాలనీ సంఘాలు చాలావరకు ఇక్కడే చిక్కుకుంటాయి. రిజిస్ట్రేషన్ ఎప్పుడో అయి ఉంటుంది గానీ, ఏటా సర్వసభ్య సమావేశం జరిపి కొత్త కార్యవర్గం జాబితాను సొసైటీల రిజిస్ట్రార్‌కు ఇచ్చి ఉండరు. ముందు అది సరిచేసుకోండి. బైలాలో ‘వృద్ధుల సంక్షేమం’ అనే మాట లేకపోతే తీర్మానం చేసి చేర్పించండి. ఆ తర్వాత పాన్, బ్యాంకు ఖాతా, ఎన్జీవో దర్పణ్ (స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ పోర్టల్) నంబరు, పీఎఫ్‌ఎంఎస్ (సర్కారు నిధుల చెల్లింపు ఆన్‌లైన్ వ్యవస్థ) నమోదు, ఆడిట్ లెక్కలు, వీటన్నిటిలో సంఘం పేరు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. ఒక చోట ‘వెల్ఫేర్ అసోసియేషన్’, ఇంకో చోట ‘సంక్షేమ సంఘం’ అని ఉంటే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.

దరఖాస్తు కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంట్ల వెబ్‌సైట్ అయిన ఈ-అనుదాన్ పోర్టల్‌లోనే వేయాలి. కాగితం మీద రాసి కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల్లో ఇచ్చినా, అది తిరిగి తిరిగి విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసుకే చేరుతుంది. జిల్లా తనిఖీ, రాష్ట్ర సిఫారసు పూర్తయ్యాకే ఫైలు ఢిల్లీకి కదులుతుంది. అందాకా అద్దె, జీతాలు మీ చేతి డబ్బుతో నెట్టుకు రావాల్సిందే. గ్రాంటు వస్తుందన్న ధీమాతో అప్పు చేసి గది తీసుకోవద్దని మా గట్టి సలహా.

గది కింది అంతస్తులోనే చూడండి. ర్యాంపు వాలు అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. గుమ్మం ఒకటిన్నర అడుగు ఎత్తుంటే ర్యాంపు 18 అడుగులు కావాలి, అంత స్థలం ముంగిట్లో ఉందో లేదో టేపుతో కొలిచాకే అద్దె ఒప్పందం రాసుకోండి. యంత్రాలకు సరైన ఎర్తింగ్ ఉండాలి. షార్ట్‌వేవ్ డయాథర్మీ యంత్రం (ఒంటి లోపల వేడి పుట్టించేది) గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు పెట్టకూడదు, మోకాలి చిప్ప మార్పిడి చేయించుకున్నవాళ్లకు ఆ కీలు మీద పెట్టకూడదు. అందుకని రోజువారీ రిజిస్టర్‌లో పేరు, వయసు, ఏ కీలు, ఏ చికిత్స, సంతకం లేదా వేలిముద్రతో పాటు ‘పేస్‌మేకర్, లోహం ఉన్నాయా?’ అన్న గడి కూడా గీయించండి.

ప్రశ్న: మా ఆశ్రమానికి వచ్చిన గ్రాంటులో భోజనం పద్దు కింద కొంత మిగిలింది. దాంతో ఇనుప మంచాలు కొన్నాం. ఆడిటర్ ఒప్పుకోవడం లేదు. మంచాలూ ముసలివాళ్లకే కదా?
– కావలి పాఠకులు

జవాబు: ఆడిటర్ చెప్పిందే సరైనది. భోజనానికి మంజూరైన డబ్బు భోజనానికే. పద్దు మార్చాలంటే కొనకముందే మంజూరు చేసినవాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇప్పుడు చేయదగింది ఒకటే: మంచాల ఖర్చు సంఘం సొంత నిధిలోకి మార్చి, అంత మొత్తాన్ని గ్రాంటు ఖాతాలో తిరిగి జమ చేసి, మిగులుగా చూపండి. యూసీలో, అంటే వినియోగ ధ్రువీకరణ పత్రంలో, ఆ మిగులు దాచకండి. ఖర్చు కాని సొమ్ము వచ్చే విడతలో సర్దుతారు, లేదా తిరిగి కట్టమంటారు.

యూసీని జీఎఫ్‌ఆర్ (కేంద్ర సాధారణ ఆర్థిక నియమాలు) 12-ఏ నమూనాలో ఇవ్వాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక 12 నెలలు గడువుంది గానీ, అన్నాళ్లూ ఆగితే తర్వాతి విడతా అన్నాళ్లూ ఆగుతుంది. ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు: గ్రాంటు ఖాతాలో పడ్డ వడ్డీ మీది కాదు, కేంద్రానికి తిరిగి కట్టాలి. గ్రాంటుకు వేరే ఖాతా పెట్టుకుంటే ఈ లెక్క తేలిక. చందాలతో కలిపేస్తే ఏ వడ్డీ దేనిదో ఆడిటర్‌కూ తేలదు. కూరగాయల సంతలో బిల్లులివ్వరు కాబట్టి, అమ్మినవాళ్ల పేరు, తూకం, ధర రాసి సంతకం చేయించిన ఓచరు ఏ రోజుది ఆ రోజే పెట్టుకోండి. నెలాఖరున ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో రాసిన ఓచర్లు చూడగానే తెలిసిపోతాయి.

ప్రశ్న: మేము రిటైర్డ్ ఉద్యోగులం. సాయంత్రం కూర్చుని పేపర్లు చదువుకోవడానికి హాలు కావాలి. కార్పొరేషన్ డబ్బిస్తుందా?
– లాయర్‌పేట, ఒంగోలు

జవాబు: చేతికి డబ్బు కన్నా చోటు అడగండి, అది త్వరగా దొరుకుతుంది. కార్పొరేషన్ పార్కులోనో, సామాజిక భవనంలోనో ఒక గది కోరుతూ కమిషనర్‌కు అర్జీ పెట్టండి. కొత్త భవనమే కావాలంటే ఎంపీ నిధులున్నాయి, ఏడాదికి ఒక్కో ఎంపీకి 5 కోట్లు. ఎంపీ సిఫారసు చేయాలి, మంజూరు జిల్లా యంత్రాంగానిది. అయితే అది చిరకాలం నిలిచే ఆస్తులకే. పేపరు బిల్లుకూ వాచ్‌మన్ జీతానికీ పైసా రాదు, కట్టింది అందరి వాడకానికీ ఉండాలి గానీ సభ్యులకే అంటే కుదరదు.

నెలనెలా ఖర్చులకు కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) నిధుల వైపు చూడండి. కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్‌లో వృద్ధాశ్రమాలు, వృద్ధుల పగటి కేంద్రాలు స్పష్టంగా ఉన్నాయి. తమ పరిసరాలకు ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది కాబట్టి, మీ చుట్టుపక్కల పనిచేసే కంపెనీలనే ముందు అడగండి. దానికి కంపెనీ వ్యవహారాల శాఖలో సీఎస్‌ఆర్-1 నమోదు, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ గుర్తింపులు, మూడేళ్ల పని చరిత్ర కావాలి. చోటు కార్పొరేషన్ ఇస్తే వాడకం ఒప్పందం రాసుకోండి. కరెంటు మీటరు ఎవరి పేరు మీద, బిల్లు ఎవరు కట్టాలి, తాళం ఎవరి దగ్గర అన్న మూడూ అందులో ఉండాలి.