పంపు కొనాలా, పాల డబ్బాలు కొని పెట్టుకోవాలా?

ప్రశ్న: మా పాపకు ఏడు వారాలు, బరువు 5 కిలోలు. నా పాలతో పాటు రోజుకు రెండుసార్లు, 90 మి.లీ. చొప్పున డబ్బా పాలు పడుతున్నాం. ఇంకో నెలలో నేను ఉద్యోగంలో చేరాలి. రోజుకు తొమ్మిది గంటలు ఇంట్లో ఉండను. డబ్బాల ఖర్చు ఇప్పటికే భారంగా ఉంది. తగ్గింపు ధర దొరికినప్పుడు మూడు నెలలకు సరిపడా కొనేయమంటారా, లేక తల్లిపాలు తీసే పంపు కొనుక్కోవడం మేలా? పంపును ఈఎంఐ మీద తీసుకోవచ్చా?

జవాబు: ధరల సంగతి తర్వాత చూద్దాం. ముందు మిల్లీలీటర్లు లెక్కవేయండి. డబ్బా ధర బ్రాండును బట్టి మారుతుంది గానీ పొడి కొలత ఎక్కువ రకాల్లో దగ్గరదగ్గరగానే ఉంటుంది. 100 మి.లీ. పాలకు సుమారు 13 గ్రాముల పొడి పడుతుంది. ఆ లెక్కన 400 గ్రాముల డబ్బాతో 3 లీటర్ల పాలు వస్తాయి. స్కూపు ఎన్ని గ్రాములో, దానికి ఎంత నీరు పోయాలో మీ డబ్బా మీదే ఉంటుంది. తేడా ఉంటే ఆ అంకెలే తీసుకోండి.

ఇప్పుడు మీరు పడుతున్నది రోజుకు 180 మి.లీ. నెలకు 5.4 లీటర్లు, అంటే రెండు డబ్బాలకు కాస్త తక్కువ. ఉద్యోగంలో చేరాక మీరు లేని సమయంలో 120 మి.లీ. చొప్పున మూడుసార్లు పట్టాల్సి వస్తుందనుకుందాం. నెలకు 22 పనిరోజులకు 7.9 లీటర్లు కలుస్తాయి. మొత్తం నాలుగున్నర డబ్బాలు. పాప పూర్తిగా డబ్బా పాల మీదకు వచ్చేస్తే, కిలో బరువుకు రోజుకు 150 మి.లీ. అన్న ఉజ్జాయింపు ప్రకారం 5 కిలోలకు 750 మి.లీ., నెలకు ఏడున్నర డబ్బాలు. బరువు పెరిగి రోజుకు 900 మి.లీ. తాగే రోజుకి అవి తొమ్మిదవుతాయి. మీ డబ్బా ధరతో ఈ అంకెలన్నింటినీ గుణించి పక్కపక్కన రాసుకోండి.

నాలుగున్నర నుంచి తొమ్మిదికి వెళ్లడం ఒక్కరోజులో జరగదు. రొమ్ము ఖాళీ అయ్యే కొద్దీ పాలు తయారవుతాయి, నిండుగా ఉండిపోతే తయారీ నెమ్మదిస్తుంది. సీసా పట్టిన ప్రతిసారీ పాలు తీయకుండా వదిలేస్తే శరీరం ఆ పూట పాలు అక్కర్లేదనుకుంటుంది. కొన్ని వారాలకు సాయంత్రం కూడా పాలు చాలడం లేదనిపించి ఇంకో సీసా కలుస్తుంది. ఖర్చు పెరిగేది ఈ దారిలోనే. అందుకే పంపును సౌకర్యం కోసం కొనే వస్తువుగా చూడొద్దు. నెలనెలా వచ్చే ఖర్చును ఆపడానికి ఒకసారి పెట్టే ఖర్చు అది.

పంపు గిట్టుబాటు ఇలా చూడండి. తొమ్మిది గంటల్లో మూడు గంటలకోసారి, 15 నుంచి 20 నిమిషాల చొప్పున తీస్తూ, కావలసిన 360 మి.లీ.లో 240 వచ్చినా నెలకు 5.3 లీటర్లు, అంటే ఒకటిముప్పావు డబ్బా మిగులుతుంది. నాలుగు నెలలకు ఏడు డబ్బాలు. పంపు, సీసాలు, చల్లటి సంచి అన్నీ కలిపి ఏడు డబ్బాల ధర లోపు వస్తే కొనండి. అంతకంటే ఎక్కువైతే అద్దెకు దొరుకుతుందేమో, చేతి పంపు సరిపోతుందేమో చూడండి. అయితే డబ్బు పెట్టే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. పని చేసే చోట తలుపు వేసుకోవడానికి గది, రోజుకు మూడుసార్లు విరామం దొరుకుతాయా? దొరక్కపోతే ఎంత మంచి పంపైనా అలమారాలోనే ఉంటుంది.

కొన్నాక పాలు తక్కువ వస్తే వెంటనే మీ శరీరాన్ని అనుమానించకండి. రొమ్ముకు ఆనించే గరాటు కొలత సరిపోకపోయినా, సన్నటి రబ్బరు వాల్వు సాగిపోయినా లాగుడు తగ్గుతుంది. వాల్వు మార్చే ఖర్చు కూడా బడ్జెట్‌లో రాసుకోండి. పాలు మోటారు లోపలికి వెళ్లే అవకాశం ఉన్న రకం పంపును ఒకరు వాడాక ఇంకొకరు కొనకూడదు, దాన్ని పూర్తిగా శుభ్రం చేయడం కుదరదు. తీసిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు, ఐసు ప్యాకులున్న చల్లటి సంచిలో 24 గంటల వరకు నిలుస్తాయి.

ఇక వృథా. సీసాలో పాప వదిలేసిన డబ్బా పాలను, తాగడం మొదలుపెట్టిన గంటలోపు పారబోయాల్సిందే. సీసాకు 30 మి.లీ. చొప్పున రోజుకు నాలుగు సీసాల్లో మిగిలితే 120 మి.లీ., నెలకు ఒక డబ్బాకు పైనే. 60 కలిపి, ఇంకా కావాలంటే 30 కలపండి. తీసిన తల్లిపాలనూ డబ్బా పాలనూ ఒకే సీసాలో పోయకండి, మిగిలితే మీరు కష్టపడి తీసినవీ పోతాయి. ముందు తల్లిపాలు, అవి అయ్యాక వేరుగా డబ్బా పాలు. పొడిని మాత్రం ఎప్పుడూ నీళ్లలోనే కలపాలి, తల్లిపాలలో కాదు.

మూడు నెలల నిల్వ వద్దు. పాపకు ఆ రకం పడకపోవచ్చు, డాక్టరు మార్చమనవచ్చు, పంపు బాగా పనిచేసి మీకే అవసరం తగ్గవచ్చు. వాడుతున్నది ఒకటి, మూత తీయనిది ఒకటి ఉంటే చాలు. పెద్ద డబ్బా చవకే గానీ, మూత తీశాక సాధారణంగా నెలలోపు వాడేయాలి. ఇప్పటి మీ వాడకానికి 900 గ్రాముల డబ్బా తీసుకుంటే 38 రోజులు పడుతుంది, చివర్లో కొంత పారబోయాలి. ఉద్యోగంలో చేరాక అయితే అదే డబ్బా లాభం.

ఖరీదైన బ్రాండు వల్ల పోషణ పెరుగుతుందని అనుకోకండి. శిశువుల ఫార్ములాలో, అంటే ఈ డబ్బా పాలపొడిలో, ఏమేముండాలో అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు నిర్ణయించాయి. ఆరు నెలలు దాటాక రెండో దశ డబ్బాకు మారాల్సిన అవసరం లేదు, మొదటి దశదే ఏడాది వరకు సరిపోతుంది. ఇవి నిజమైన పొదుపులు. పొడి తగ్గించి నీళ్లు ఎక్కువ పోయడం మాత్రం ప్రాణాల మీదకు తెస్తుంది. రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. స్కూపు నింపాక కత్తి వీపుతో పైభాగం సమం చేయాలి, నొక్కి కూరకూడదు. మరిగించిన నీళ్లు 70 డిగ్రీల కంటే చల్లారకముందే పొడి కలిపి, ఆ తర్వాత పాలు చల్లార్చి పట్టండి. పొడిలో క్రిములు ఉండే అవకాశం ఉంది, పాపకు ఇంకా రెండు నెలలైనా నిండలేదు.

ఇంట్లో పట్టే ఆ రెండు సీసాలు తగ్గించవచ్చా అన్నది ఖర్చు చూసి తీసుకునే నిర్ణయం కాదు. బరువు పెరగడం లేదని డాక్టరు చెప్పి మొదలుపెట్టినవైతే వాటిని ముట్టుకోకండి. మీరే మొదలుపెట్టినవైతే డాక్టరుతో మాట్లాడి, 30 మి.లీ. చొప్పున తగ్గిస్తూ వారం వారం బరువు చూడండి. ఈ వయసులో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరుగుతూ, ఆరు తడి న్యాపీలకు తగ్గకుండా ఉండాలి.

ఈఎంఐ వద్దు. ఆరు నెలలకు ఘనాహారం మొదలై, ఏడాదికి డబ్బా అవసరమే తీరిపోయే ఖర్చు ఇది. ఉద్యోగంలో చేరేలోపు పంపు ధర, ఐదు డబ్బాల ధర మామూలు పొదుపు ఖాతాలో వేరుగా పెట్టండి. చేతిలో అంత లేకపోతే మొదటి నెల పంపు అద్దెకు తీసుకుని, రోజూ ఎంత వస్తోందో రాసుకోండి. సగటున 240 మి.లీ. వస్తుంటే రెండో నెల జీతంతో సొంతంగా కొనుక్కోండి.