నంబర్ థియరీకి మొదటి పుస్తకం ఏది?

ప్రశ్న: బీఎస్సీ మ్యాథ్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ వరకూ తెలుగు మీడియమే. నంబర్ థియరీ సొంతంగా నేర్చుకుందామని, అందరూ మెచ్చుకుంటారు కదా అని హార్డీ–రైట్ పుస్తకం కొన్నాను. మూడో అధ్యాయం దగ్గర ఆగిపోయాను. నా పునాదే సరిగా లేదా?

జవాబు: లోపం మీ పునాదిలో లేదు, పుస్తకం ఎంపికలో ఉంది. 1938లో తొలిసారి అచ్చయిన ఆ పుస్తకం నిజంగా గొప్పదే. కానీ అందులో అభ్యాసాలు లేవు. చదివింది వంటబట్టిందో లేదో ఒంటరిగా చదివేవాళ్లకి తెలిసే మార్గం ఉండదు. వరస కూడా కొత్తవాళ్ల కోసం పెట్టింది కాదు. మూడో అధ్యాయంలోనే ఫేరీ శ్రేణులు, మింకోవ్‌స్కీ సిద్ధాంతం ఎదురవుతాయి. మీకు ముందు కావలసిన కాంగ్రుయెన్సులు, అంటే భాగహారంలో మిగిలే శేషాలతో చేసే లెక్కలు, ఐదో అధ్యాయానికి గానీ రావు. దాన్ని జాగ్రత్తగా దాచుకోండి, ఏడాది తర్వాత ఇష్టంగా చదువుతారు.

ఇప్పటికి డేవిడ్ బర్టన్ రాసిన ‘ఎలిమెంటరీ నంబర్ థియరీ’ తెచ్చుకోండి. నిరూపణల్లో మెట్లు దాటేయడు, ప్రతి విభాగం చివరా లెక్కలుంటాయి. పాత ఎడిషన్ దొరికినా పర్వాలేదు. మొదటి ఐదు అధ్యాయాలు, అంటే ఫెర్మా సిద్ధాంతం దాకా, వరసగా చదవండి. మొదటి అధ్యాయంలోని గణితానుగమనం ఇంటర్‌లో అయిపోయిందని వదిలేయకండి, తర్వాత అడుగడుగునా అదే కావాలి.

ఏ పుస్తకాన్నైనా కొనేముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. లీనియర్ కాంగ్రుయెన్సుల పేజీ తీసి ఇలాంటి లెక్క ఉందేమో చూడండి: 15ని ఏ సంఖ్యతో గుణించి 35తో భాగిస్తే శేషం 25 వస్తుంది? 15, 25 రెండింటినీ 5తో కొట్టేసి, 35ని మాత్రం అలాగే ఉంచేయడం అందరూ చేసే తప్పు. అలా చేస్తే 35 లోపల 25 ఒక్కటే జవాబుగా వస్తుంది. 15, 35ల గ.సా.భా. 5 కాబట్టి 35ని కూడా 5తో భాగించాలి. అప్పుడు లెక్క ‘3తో దేన్ని గుణించి 7తో భాగిస్తే 5 మిగులుతుంది’ అని మారుతుంది. జవాబు 4. దానికి ఏడేసి కలుపుకుంటూ పోతే 4, 11, 18, 25, 32, మొత్తం ఐదు. ఆ నాలుగు జవాబులూ ఎందుకు జారిపోయాయో వివరించిన పుస్తకాన్ని నమ్మొచ్చు. సూత్రం ఇచ్చి ఊరుకున్నదాన్ని షాపులోనే వదిలేయండి. పరీక్షల గైడ్లలో ఎక్కువ భాగం ఇక్కడే దొరికిపోతాయి.

బర్టన్‌లో తొమ్మిదో అధ్యాయం, క్వాడ్రాటిక్ రెసిప్రాసిటీ, అయ్యాక నివెన్–జుకర్‌మన్‌ల నంబర్ థియరీ పుస్తకం పట్టుకోండి. మాంట్‌గోమరీ పేరు కూడా ఉన్న ఐదో ఎడిషన్ (1991) మేలు. అందులో అసలు సంపద లెక్కలే. పాఠం ఒక రోజు పడితే లెక్కలకి వారం పడుతుంది, కంగారుపడొద్దు. ఇక అపోస్టల్ రాసిన నంబర్ థియరీ పుస్తకం పేరులోనే ‘అనలిటిక్’ అని ఉంది, అంటే కలన గణితం వాడుతుంది. ముందు అధ్యాయాలు ఇప్పుడే అందుతాయి గానీ, జీటా ఫంక్షన్ దగ్గరకొచ్చేసరికి కాంప్లెక్స్ అనాలిసిస్ (సంకీర్ణ సంఖ్యల మీద కలన గణితం) వచ్చి ఉండాలి.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఐఓక్యూఎం (గణిత ఒలింపియాడ్‌కి తొలి అర్హత పరీక్ష) రాస్తానంటోంది. తనకీ ఇదే పుస్తకమా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. ఆ పరీక్షలో మూడు గంటల్లో 30 ప్రశ్నలు, ప్రతి జవాబూ 00 నుంచి 99 లోపు పూర్ణసంఖ్య, నిరూపణ రాసే పని లేదు. ముందు పాత ప్రశ్నపత్రాల్లోంచి నంబర్ థియరీ లెక్కలు ఏరి చేయించండి. ఆ తర్వాత ఆండ్రీస్కూ, ఆండ్రికా, ఫెంగ్ కలిసి రాసిన ‘104 నంబర్ థియరీ ప్రాబ్లమ్స్’ ఇవ్వండి. అందులో 52 మొదటి మెట్టువి, 52 కఠినమైనవి. మొదటి 52 చాలు. ఒక్కో లెక్కకి కనీసం అరగంట పెన్ను పట్టుకుని కూర్చున్నాకే వెనక జవాబు చూడనివ్వండి. జవాబు సరిపోయినా ‘ఎందుకు’ అన్నది రెండు వాక్యాల్లో నోట్‌బుక్‌లో రాయించండి. తర్వాతి మెట్టు ఆర్ఎంఓలో (ప్రాంతీయ గణిత ఒలింపియాడ్) నిరూపణ రాయాల్సిందే, ఆ అలవాటు అప్పటికప్పుడు రాదు.