పెళ్లి సామాను కాదు, అట్టపెట్టెలు పారేయండి

*మాది విజయవాడ భవానీపురం. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు, డబుల్ బెడ్‌రూం. పెళ్లిళ్లకు అడ్డుతెరలు, హారతి పళ్లాలు, కురిడీలు, కొబ్బరి బోండాలు అలంకరించి ఇస్తుంటాను. సామానంతా చిన్న గదిలో అట్టపెట్టెల్లో ఉంటుంది. ఈమధ్య ఎక్కడ చూసినా బొద్దింకలే. మొన్న ఆర్డరు తీసుకెళ్లడానికి వచ్చినావిడ పెట్టె తెరవగానే ఒకటి ఆమె చేతి మీదికి పాకింది. నాకు తల కొట్టేసినట్టయింది. ‘నీ చెత్త వల్లే ఇంటినిండా పురుగులు’ అని అత్తగారు రోజూ అంటున్నారు. అన్నీ అమ్మేసి ఇక మానెయ్యమని మావారి మాట. నాలుగేళ్ల బాబుకి ఆయాసం వస్తుంటుంది, అందుకే స్ప్రే కొట్టాలంటే భయం. కలరా ఉండలు వేసినా లాభం లేకపోయింది. పని మానుకోక తప్పదా?*
*– ఒక సోదరి, విజయవాడ*

మానక్కర్లేదమ్మా. అలాగని మీ అత్తగారి మాటను పూర్తిగా కొట్టిపారేయకండి, అందులో సగం నిజం ఉంది. కురిడీ, పళ్లెం మీద అంటించే బియ్యం, మైదా జిగురు, గంజి పెట్టిన గుడ్డ అన్నీ బొద్దింకకు తిండే. అట్టపెట్టె మడతల మధ్య ఉండే సన్నటి సందులు దానికి ఇష్టమైన చోటు. మిగతా సగం మాత్రం మీ గదిలో లేదు. బొద్దింక తిండి లేకుండా వారాల తరబడి ఉంటుంది గానీ నీళ్లు లేకుండా అన్నాళ్లు ఉండలేదు. ఆ నీళ్లు వంటింటి సింకు కింద, ఫ్రిజ్ వెనక ట్రేలో, బాత్రూం జాలీ దగ్గర దొరుకుతున్నాయి. మీ సామానంతా రేపే అమ్మేసినా వంటింట్లోవి అక్కడే ఉంటాయి.

తప్పెవరిదన్న వాదన ఇంట్లో ఇప్పటికే చాలా జరిగింది. దాన్ని కొన్నాళ్లు ఆపి, ముందు అవి ఎక్కడున్నాయో చూడండి. బొద్దింకలు అతుక్కునే జిగురు అట్టలు దుకాణాల్లో దొరుకుతాయి. ఆరు తెచ్చి, అవి ఎక్కడెక్కడ పెట్టాలో మీవారినే చెప్పమనండి. సింకు కింద, ఫ్రిజ్ వెనక, గ్యాస్ సిలిండర్ పక్కన, బాత్రూం తలుపు మూల ఒక్కొక్కటి, మీ గదిలో రెండు పెట్టండి. బొద్దింక గోడ అంచు పట్టుకునే నడుస్తుంది కాబట్టి అట్ట గోడకు ఆనుకుని ఉండాలి. బాబు చెయ్యి అందకూడదు. ఐదు రాత్రులయ్యాక ఇద్దరూ కూర్చుని లెక్క చూడండి.

అరంగుళం పొడవు, లేత గోధుమ రంగు, తల వెనక రెండు నల్లటి గీతలు ఉంటే అవి ఇంట్లోనే పెరిగే చిన్న జాతి. అంగుళంన్నర పొడవు, ఎర్రటి గోధుమ రంగు ఉంటే అవి డ్రైనేజీ నుంచి వచ్చేవి. అన్నిటికంటే ముఖ్యంగా బొద్దింక పిల్లల్ని చూడాలి. రెక్కల్లేని, నువ్వుగింజంత నల్లటి పిల్లలు ఏ అట్టకు ఎక్కువ అంటుకుంటే గూడు దానికి దగ్గర్లోనే ఉన్నట్టు. ఆ అట్ట చూశాక అత్తగారు గానీ మీరు గానీ ఇంకా వాదించుకోవాల్సిన పని ఉండదు.

మీ గదిలో ఏమీ పడకపోయినా సరే, అట్టపెట్టెలు ఇంట్లో ఉండకూడదు. వన్‌టౌన్ నుంచి హోల్‌సేల్‌గా తెచ్చే పెట్టె ఎన్ని గోడౌన్లు తిరిగి వచ్చిందో మనకు తెలియదు. టేపు కింద, అడుగు మడతల్లో బొద్దింకలు, గుడ్ల తిత్తులు దాక్కుని రావచ్చు. చిన్న జాతి తిత్తి ఒక్కదానిలోనే ముప్పై నలభై గుడ్లుంటాయి. తిత్తి లోపలికి స్ప్రే సరిగా చేరదు. అందుకే మందు కొట్టిన రెండు మూడు వారాలకు మళ్లీ మొదలైనట్టు కనిపిస్తుంది.

ఒకరోజు పగటిపూట బాబుని పక్కింట్లోనో పుట్టింట్లోనో ఉంచి, బాల్కనీలో తెల్ల దుప్పటి పరిచి, మూతికి మాస్కు కట్టుకుని ఒక్కో పెట్టే విప్పండి. టీ పొడిలా నల్లటి రవ్వ రాలితే అది వాటి రెట్ట. ప్లాస్టిక్ పూసలు, గాజు పూసలు, అద్దాలు సబ్బు నీళ్లలో కడిగి ఆరబెట్టుకోవచ్చు. వెనక రేకు అంటించిన కుందన్లను మాత్రం నానబెట్టకండి, మెరుపు పోతుంది. వాటికి పొడి బ్రష్ చాలు. జరీకి, చమ్కీ దండలకు కూడా తడి తగలనివ్వకండి. కొరికిన కురిడీలు, పాత బియ్యం అంటిన పళ్లాలు మొహమాటం లేకుండా పారేయండి.

పట్టు దారం, వెల్వెట్, లేసులు, రంగు కాగితాలు కడగలేం కదా. వాటిని గాలి తీసేసిన జిప్ కవర్లో పెట్టి, దానిపైన ఇంకో కవర్ వేసి ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టే అరలో రెండు వారాలు ఉంచండి. గుడ్లతో సహా చచ్చిపోతాయి. బయటికి తీశాక ఒక రోజంతా కవర్ విప్పొద్దు. చల్లగా ఉండగా విప్పితే గాలిలో తేమ దారానికి పట్టి మరకలవుతాయి, అసలే మనది కృష్ణ ఒడ్డు ఊరు. తిండి పెట్టే ఫ్రిజ్‌లో ఇవేంటని అత్తగారు అడగొచ్చు. ముందే చెప్పి, కవర్ల మీద తేదీ రాసి ఒక పక్కకు సర్దండి.

ఆ తర్వాత అన్నీ మూత చుట్టూ రబ్బరు రింగు ఉన్న డబ్బాల్లోకి మారాలి. పాత బిస్కెట్ డబ్బాలు, పాలపొడి డబ్బాలు ఉంటే పూసలకు అవి చాలు. మూత సరిగ్గా పడుతోందో లేదో చూడటానికి అంచున ఒక కాగితం ముక్క పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వస్తే పిల్ల బొద్దింక కూడా అందులోంచే దూరుతుంది. ప్రతి డబ్బాలో తేమ పీల్చే సిలికా పొట్లం ఒకటి వేయండి. కురిడీలు, బియ్యం, పప్పు గింజలు నిల్వ చేయకుండా ఆర్డరు వచ్చినప్పుడే కొనుక్కోండి. మైదా జిగురు బదులు ఫెవికాల్ వాడితే వాటికి తిండి తగ్గుతుంది.

కలరా ఉండలు ఈరోజే తీసేయండి. తెరిచి ఉన్న గదిలో వాటి వాసనకు బొద్దింకలు పోవు. ఆ ఆవిరి ఆయాసమున్న పిల్లాడికి మంచిది కాదు. పొరపాటున ఉండ నోట్లో పెట్టుకుంటే ఇంకా ప్రమాదం, కొందరు పిల్లల్లో రక్తకణాలు విరిగిపోతాయి. పైగా అవి థర్మోకోల్‌ను కూడా పాడుచేస్తాయి. లక్ష్మణరేఖ సుద్దముక్క కూడా మీ ఇంట్లో వద్దు, బాబు బలపం అనుకుంటాడు.

మీ భయానికి సరిపోయే మందు జెల్. ఫిప్రోనిల్ గానీ ఇమిడాక్లోప్రిడ్ గానీ ఉన్నది తీసుకోండి. తిన్న బొద్దింక సందులోకి వెళ్లి చస్తుంది, దాని రెట్టనూ ఒంటినీ తిన్న మిగతావీ చస్తాయి. బియ్యపు గింజంత చుక్కలు అడుగుకొకటి చొప్పున సింకు కింద గొట్టం చుట్టూ, అరల కీలు లోపల, ఫ్రిజ్ వెనక పెట్టండి. మామూలు వంటింటికి పది పన్నెండు చుక్కలు సరిపోతాయి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు: జెల్ పెట్టిన చోటే ఫినాయిల్ తుడిచో స్ప్రే కొట్టో దాని రుచి చెడగొడతారు. ఆ తర్వాత అవి దాని దగ్గరికే రావు. పొయ్యి వేడి తగిలే చోట పెడితే రెండ్రోజుల్లో ఎండిపోతుంది. వారానికోసారి చూసి, తిన్నచోట మళ్లీ పెట్టండి. వారమైనా ముట్టకపోతే వేరే మందున్న జెల్‌కి మారండి. మీ గదిలో అర వెనక మాత్రమే పెట్టండి, గుడ్డకు తగిలితే మరక పోదు.

రాత్రి పడుకునేముందు సింకు పొడిగా తుడవడం, చెత్తబుట్ట బయట పెట్టడం జెల్‌తో సమానం. వేరే తిండి, నీళ్లు దొరికితే అవి జెల్ ఎందుకు తింటాయి? ఈ పని అత్తగారికి అప్పగించండి, కానీ అప్పగించే తీరు ఉంది. ఆవిడ కోపంగా ఉన్నప్పుడు కాదు, మధ్యాహ్నం తీరికగా ఉన్నప్పుడు, ‘అత్తయ్యా, మీరన్నది నిజమే, పెట్టెల్లో ఉన్నాయి. పెట్టెలన్నీ తీసేశాను. రాత్రి సింకు సంగతి మీరు చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది’ అనండి. ముందు తన మాట విన్నారని తెలిస్తే ఆవిడ మీ మాటా వింటారు.

మీవారిని మూడు నెలల గడువు అడగండి. గుడ్డు నుంచి పెద్దది కావడానికి మన వేడిలో చిన్న జాతికి దాదాపు రెండు నెలలు పడుతుంది కాబట్టి ఆ గడువు న్యాయమైనదే. నెలకోసారి జిగురు అట్టల లెక్క ఆయనకు చూపించండి. ఆర్డర్ల మీద ఇంటికి ఎంత వస్తోందో ఆ పక్కనే రాసి పెట్టండి. మీరు ఉత్తరంలో ఆ సంగతి రాయలేదు, బహుశా ఇంట్లోనూ చెప్పి ఉండరు.

పెద్ద బొద్దింకలు పడితే జాలీల సంగతి చూడాలి. వాడని బాత్రూంలో జాలీ కింది వంపులో (ట్రాప్‌లో) నిలిచే నీరు ఎండలకు ఆవిరైపోతే డ్రైనేజీకీ ఇంటికీ అడ్డు ఉండదు. వారానికి రెండుసార్లు ఒక మగ్గు నీళ్లు పోయండి. గొట్టాలు గోడలోకి వెళ్లే కన్నాలు తెల్ల సిమెంటుతోనో ఎం-సీల్‌తోనో పూడ్చండి. ఏసీ పైపు కన్నం కూడా మరవొద్దు. పైవాళ్లూ కిందివాళ్లూ ఒకేరోజు మందు వేయించేలా అసోసియేషన్‌ను అడగండి. వాళ్లు ఒప్పుకోకపోతే గొడవ పెట్టుకోకుండా మీ కన్నాలు మీరు మూసుకోండి.

బాబు విషయంలో ఆలస్యం చేయకండి. బొద్దింక రెట్ట, రాలిన పొట్టు ఆయాసాన్ని రెచ్చగొడతాయి. పిల్లల డాక్టరుకు ఇంట్లో బొద్దింకలున్నాయని తప్పకుండా చెప్పండి. ఆ గదిని పొడి చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి, కొన్నాళ్లు బాబుని అందులో పడుకోనివ్వకండి. పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలిస్తే పిల్లాడి సంగతి ముందే చెప్పి జెల్ పద్ధతే అడగండి.

ఆ రోజు వచ్చినావిడకు మీరే ఫోన్ చేసి, జరిగినదానికి నొచ్చుకున్నారని, సామాను నిల్వ పద్ధతి మొత్తం మార్చారని చెప్పండి. ఇకమీదట పూర్తయిన పళ్లాలు, బోండాలు పారదర్శకమైన కవర్లో పెట్టి, మూతి అంటించి ఇవ్వండి. కొత్త సరుకు వచ్చినప్పుడు గుమ్మం బయటే విప్పి, పూసలూ దారాలూ డబ్బాల్లోకి మార్చి, ఖాళీ పెట్టె అటునుంచి అటే కిందికి పంపేయండి.