రిహాబ్ సెంటర్‌లో ఇంటివాళ్లు చేయాల్సిన అసలు పని

"మా నాన్నకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా సరిగా రావడం లేదు. కోలుకునేలా థెరపీ చేసే రిహాబ్ సెంటర్‌లో చేర్చాం. అన్నీ స్టాఫే చూసుకుంటారట. మరి మేం రోజూ వెళ్లి చేసేదేముంది?" అని ఒకరు అడిగారు.

వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. అన్నం తినిపించడానికి, బట్టలు మార్చడానికి అక్కడ మనుషులున్నారు. మీరు తప్ప ఇంకెవరూ చేయలేని పని ఒకటుంది. ఆ మంచం మీదున్న మనిషి ఎవరో వాళ్లకు చెప్పడం. వాళ్ల ఫైల్లో వయసు, బీపీ, షుగర్, స్కానింగ్ రిపోర్టు ఉంటాయి. ఆయన జీవితమంతా ఏం పని చేశారో, దేనికి నవ్వుతారో, దేనికి చిరాకు పడతారో అందులో ఉండదు. అది తెలియకుండా చేసే థెరపీ సగం థెరపీయే అని నా గట్టి నమ్మకం.

మా నాన్న ఆర్టీసీ కండక్టర్. ఎక్కువ కాలం గుంటూరు - మాచర్ల రూట్లోనే చేశారు. రిటైరయ్యాక స్ట్రోక్, అంటే పక్షవాతం వచ్చింది. మెదడులో ఎడమవైపు దెబ్బ తగిలింది. ఒంట్లో కుడివైపును నడిపేది అదే, చాలామందికి మాటకు సంబంధించిన భాగాలు కూడా ఆ వైపే ఉంటాయి కాబట్టి కుడి చెయ్యి, కుడి కాలుతో పాటు మాటా పోయింది. మనం చెప్పేది చాలావరకు అర్థమయ్యేది. జవాబు మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయేది. ఏమడిగినా "అదీ... అదీ..." అని, ఇక రాక కళ్లు మూసుకునేవారు.

స్పీచ్ థెరపీకి వచ్చే అమ్మాయి ఓపికమంతురాలు. కానీ ఆమె చేతిలో ఉన్న బొమ్మల కార్డులు చూస్తే నాకు ఒళ్లు మండేది. స్ట్రాబెర్రీ, స్నోమ్యాన్, టోస్టర్! పల్నాడు ఎండల్లో బస్సులో నిలబడి బతికిన మనిషికి స్నోమ్యాన్ బొమ్మ చూపించి ఇదేంటి అంటే, మాట బాగున్న రోజుల్లో అడిగినా చెప్పలేరు. చేట, చెంబు, బిందె, తాళంచెవి, టిఫిన్ క్యారియర్... మన ఇళ్లలో కనిపించే వస్తువులతో కార్డులు ప్రతి సెంటర్‌లోనూ ఉండి తీరాలి. వేలకు వేలు ఫీజులు కడుతున్నాం, ఆ మాత్రం అడిగే హక్కు మనకుంది.

ఒకరోజు నాన్న ఆ కార్డులను ఎడమ చేత్తో పక్కకు తోసేశారు. అప్పుడు అమ్మ ఆ అమ్మాయితో, "ఆయన కండక్టరమ్మా. నిద్రలో లేపి అడిగినా స్టాపులన్నీ వరసగా చెప్పేవారు" అంది. ఆ అమ్మాయి కార్డులు సంచిలో పెట్టేసి, "అయితే మీరే మొదలుపెట్టండి ఆంటీ" అంది. అమ్మ ఆయన ఎదురుగా కూర్చుని, "గుంటూరు... పేరేచర్ల..." అని ఆగింది. నాన్న అమ్మ పెదాలకేసి చూస్తూ ఉండిపోయారు. పక్కనుంచి మా అన్నయ్య అందించబోతే ఆ అమ్మాయి చెయ్యెత్తి ఆపింది. ఎంతసేపు ఆగామో గానీ, ఆయన నోరు కదిలింది. "మే... మేడి... మేడికొండూరు." ఆ తర్వాత అమ్మ అవసరమే లేకపోయింది. సత్తెనపల్లి, రాజుపాలెం, పిడుగురాళ్ల, గురజాల, రెంటచింతల, మాచర్ల. పాత రాగమే, మాట ముద్దగా ఉన్నా రాగం తప్పలేదు. మాచర్ల రాగానే "దిగండి, దిగండి" అన్నారు కూడా. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

వెంటనే ఆ అమ్మాయి "మీ పేరేంటి అంకుల్?" అంటే మళ్లీ "అదీ... అదీ..." అన్నారు. అది చూసి మేం కుంగిపోకూడదని ఆమె అప్పుడే చెప్పింది. నోటికి అలవాటైపోయిన వరసలు, అంటే అంకెలు, వారాలు, ఎక్కాలు, పద్యాలు, దేవుడి స్తోత్రాలు, ఆఖరికి తిట్లు కూడా, ఇలాంటి వాళ్లలో చాలామందికి మామూలు మాట కంటే తేలిగ్గా వస్తాయి. అలాగని మాట తిరిగి వచ్చేసినట్టు కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినట్టు. మర్నాటి నుంచి ఆమె ఆ రూట్నే పాఠం చేసుకుంది. "పిడుగురాళ్లకు ముందు ఏది?" అని వెనక్కి అడిగేది. వరస తప్పేసరికి ఆయన వెతుక్కోవాల్సి వచ్చేది, అదే కావలసింది. "సత్తెనపల్లి ఇద్దరికి, అని అడగండి" అని చెప్పించేది. అలా రెండు మాటలు, మూడు మాటలు కలిశాయి.

చేతికీ అంతే. ప్లాస్టిక్ పుల్లలు రంధ్రాల్లో పెట్టమంటే విసుక్కునేవారు. అన్నయ్య చిల్లర, పది రూపాయల నోట్లు తెచ్చి ముందు పోశాడు. కండక్టర్లు నోట్లను నిలువుగా మడిచి వేళ్ల సందుల్లో పెట్టుకుంటారు చూడండి, అది ఆయన కుడి చేత్తో చేయడం మొదలుపెట్టారు. నోట్లు జారిపోయేవి, మళ్లీ ఏరుకునేవారు. థెరపీ టైమ్ అయిపోయిందన్నా వదిలేవారు కాదు.

ఇక చూడ్డానికి వచ్చే బంధువుల సంగతి. దీని గురించి ఎవరూ గట్టిగా చెప్పరు, నేను చెప్తాను. మా మేనత్త వచ్చి "ఎలాంటివాడివి ఎలా అయిపోయావన్నయ్యా" అని శోకాలు పెట్టింది. ఇంకొకాయన మంచం పక్కనే నిలబడి, "ఇంక ఈయన లేచేది లేదులే, పావురం రక్తం రాయించి చూడండి" అన్నారు. నాన్నకు మాట రాదు గానీ ప్రతి ముక్కా వినిపిస్తోంది! ఆ రాత్రి నాన్న అన్నం ముట్టలేదు. కొబ్బరిబొండాం పట్టుకొచ్చి నోట్లో పోయబోయిన వాళ్లూ ఉన్నారు. స్ట్రోక్ వచ్చిన చాలామందికి మింగడం దెబ్బతింటుంది. పల్చటి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. అందుకే కొందరికి నీళ్లలో పౌడర్ కలిపి చిక్కగా ఇస్తారు. లేపుదామని పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగినవాళ్లను నేను అరిచి ఆపాను. కండరాల పట్టు పోయిన భుజం కీలు జారవచ్చు, ఆ నొప్పి నెలల తరబడి వదలకపోవచ్చు. మొహమాటపడకండి, గది బయటే ఈ మూడూ చెప్పి లోపలికి పంపండి.

ఒకటి మాత్రం ఆలస్యం చేయకండి. కోలుకోవడం మొదటి మూడు నెలల్లో ఎక్కువ వేగంగా ఉంటుంది, ఆరు నెలల తర్వాత నెమ్మదిస్తుంది, ఆగిపోతుందని కాదు. మా నాన్న ఇప్పుడు కాలికి ఆసరాగా స్ప్లింట్ పట్టీ వేసుకుని, కర్ర పట్టుకుని నడుస్తారు. "టీ కావాలి", "ఫ్యాన్ తగ్గించు" అంటారు. మనవళ్ల పేర్లు ఒకరివొకరికి పెట్టేస్తారు, ఎవరూ సరిదిద్దరు, ఆయనే కాసేపటికి సరిచేసుకుంటారు.

కాబట్టి రేపు వెళ్లేటప్పుడు ఒక కాగితం రాసుకుని వెళ్లండి. మీ నాన్న ఏ పని చేశారు, ఆ పనిలో రోజూ నోటికి వచ్చే మాటలేవి, ఇంట్లో ఎవరిని ఏమని పిలుస్తారు, ఏ పద్యం, ఏ స్తోత్రం కంఠతా వచ్చు, స్ట్రోక్‌కు ముందు చెవులు ఎలా వినిపించేవి, ఏ చేత్తో రాసేవారు. స్పీచ్ థెరపీకి ఒకటి, చేతి థెరపీకి ఒకటి, రెండు కాపీలు తీసి ఇవ్వండి. కళ్లజోడు, కట్టుడు పళ్లు ఉంటే ఇంట్లో భద్రంగా దాచకుండా ఆయన దగ్గరికి చేర్చండి. అవి లేకుండా పరీక్ష పెడితే చూపు ఆనకపోయినా, పలుకు తేడాగా వచ్చినా ఆ లోటంతా స్ట్రోక్ ఖాతాలో రాసేస్తారు.