నవలను నాలుగు గిటార్ల మీదికి తేవడం ఎలా?

పాత నవల ఒకటి చదివాక నాలుగు గిటార్లకు సంగీతం రాయాలనిపిస్తోందని, పాత్రకో ట్యూన్ కట్టుకుంటూ పోతే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. నేను సరిగ్గా అదే చేసి బోర్లా పడ్డాను.

నల్లగొండలో పిల్లలకు గిటార్ నేర్పుతుంటాను. మూడేళ్ల కింద వట్టికోట ఆళ్వారుస్వామి నవల ‘ప్రజల మనిషి’ పట్టుకున్నాను. 1915లో పుట్టిన ఆయనది మా జిల్లానే. నిజాం కాలం, దిమ్మెగూడెం అనే ఊరు, దొర రామభూపాలరావు, ఎదురుతిరిగే కంఠీరవం. కంఠీరవానికో ట్యూన్, దొరకో ట్యూన్, ఊరికో ట్యూన్, అన్నీ అతికి పన్నెండు నిమిషాలు చేశాను. తెలిసినవాళ్లను పిలిచి వినిపిస్తే మర్యాదకు చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కూర్చున్న ఒక రిటైర్డ్ తెలుగు సారు మాత్రం, "అంత మంచిగనే ఉన్నది గానీ, గడి ఏడుంది?" అన్నారు.

నిజమే కదా. గడి అంటే ఊళ్లో దొర ఉండే కోటలాంటి ఇల్లు. దొర లేని పేజీల్లో కూడా ఊరి మీద గడి ఉంటుంది. నా సంగీతంలోనేమో దొర ట్యూన్ అయిపోగానే ఊరు హాయిగా ఊపిరి పీల్చుకుంది!

మొత్తం చింపేసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పాత్రలు లేవు, గడి, ఊరు అంతే. నాలుగో గిటార్‌లో అన్నిటికన్నా లావైన ఆరో తీగను ‘ఈ’ (E) స్వరం నుంచి ‘డీ’ (D)కి దించి, ఆ ఒక్క స్వరాన్నే గడికి ఇచ్చాను. మిగతా ముగ్గురు ఏం వాయిస్తున్నా ఈ నాలుగో గిటార్ వాడు పట్టించుకోడు, తన లెక్కలో తను కొడుతూనే ఉంటాడు. వాళ్లే వాడికి సర్దుకోవాలి. ఒకరు మొదలుపెట్టిన మాటను ఇంకొకరు పూర్తిచేసేలోపు ఆ డీ వచ్చి పడుతుంది. ఆ భాగం వాయించే అబ్బాయి వారం రోజులు అలిగాడు, "సార్, నాకు ఇదొక్కటేనా?" అని. చివరి రెండు నిమిషాల్లో మాత్రం ముగ్గురూ కలిసి వేగం పెంచేస్తారు, వాడు వాళ్ల వెనక పరుగెత్తాలి. అక్కడికి వచ్చాక అలక పోయింది.

గిటార్లతో అసలు తలనొప్పి ఇంకోటి ఉంది. నాలుగింటి పరిధీ ఒకటే. అందరూ ఒకేచోట కార్డ్స్ కొడితే వినపడేది సంత గోల. అందుకే మొదటి గిటార్‌కు ఏడో ఫ్రెట్‌లో కేపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు, పెట్టించాను. వేళ్లతో జీ (G) కార్డ్ ఆకారాలు పట్టుకుంటే డీ పలుకుతుంది, కింద ఉన్న గడి స్వరానికి చాలా ఎత్తున, విడిగా వినపడుతుంది. ఇంకోటి, గిటార్ స్వరం పుట్టగానే చచ్చిపోతుంది. వయొలిన్‌లా సాగదీసే రాగం రాస్తే తేలిపోతుంది, పొట్టి పొట్టి స్వరాల ముక్కలే రాయండి.

డప్పు కావాలనిపించింది గానీ డప్పు తెస్తే గిటార్లు వినపడవు. డప్పులో లావు చిర్ర ఒకటి, సన్నటి చిటికెన పుల్ల ఒకటి ఉంటాయి కదా. బ్రిడ్జి (పెట్టె మీద తీగలు కట్టే పట్టీ) పక్కన తీగల మీద బొటనవేలి పక్కభాగంతో కొడితే చిర్ర దెబ్బ, పెట్టె అంచు మీద గోటితో కొడితే పుల్ల దెబ్బ. గోరు మరీ పొడుగుంటే పాలిష్ పోతుంది, నా గిటారే సాక్షి.

నవల్లోంచి వాక్యాలు చదివించాలా అంటే, చదివించొచ్చు. ఇటలీలో పుట్టిన స్వరకర్త కాస్తెల్‌న్యువో-టెడెస్కో 1960లో ఒక గాడిద కథను తీసుకుని, చదివే మనిషికీ గిటార్‌కీ కలిపి 28 భాగాలు రాశాడు, వినండి. హక్కులు మాత్రం చూసుకోండి. మన చట్టంలో రచయిత పోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్లు. ఆళ్వారుస్వామి 1961లో పోయారు కాబట్టి ఇబ్బంది లేదు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ అయితే, ఆయన పోయింది 2015లో, అనుమతి అడగాల్సిందే.

ఆఖరుగా, మా ఎండల్లో ఏప్రిల్ ప్రోగ్రాం పెట్టుకోకండి. దించిన ఆరో తీగ సగంలోనే ఇంకా దిగిపోయి, గడి కాస్తా పావు స్వరం కిందికి జారింది. ముందు వరసలో పిల్లలు నవ్వారు.