సర్వీస్ డాగ్‌తో బస్సెక్కితే కార్డు చూపించాలా?

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న మా అమ్మాయికి ఫిట్స్ వస్తాయి. ఈమధ్యే అలాంటివాళ్లకు సాయపడేలా శిక్షణ పొందిన కుక్కను (సర్వీస్ డాగ్) తెచ్చుకుంది. సిటీ బస్సు డ్రైవరు దాని కార్డు చూపించమన్నాడట. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి తీసుకోమంటారా?

జవాబు: వద్దు. 1990 నాటి అమెరికా వికలాంగుల హక్కుల చట్టం (ఏడీఏ) ప్రకారం సర్వీస్ డాగ్‌కి రిజిస్ట్రేషన్‌గానీ, కార్డుగానీ, ఒంటికి తొడిగే గుర్తింపు కోటు (వెస్ట్) గానీ తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో అమ్మే ఆ కార్డులకు చట్టపరంగా విలువ లేదు, డబ్బు దండగ. డ్రైవరు అడగదగినవి రెండే: ఇది వైకల్యం కారణంగా అవసరమైన సర్వీస్ డాగేనా? ఏ పనికి శిక్షణ పొందింది? జబ్బు వివరాలు అడగకూడదు, ఆ పని చేయించి చూపమనకూడదు.

రెండో ప్రశ్నకు జవాబు ముందే సిద్ధంగా ఉండాలి. ‘ఫిట్స్ వస్తే పక్కనే ఉండి, మొరిగి మనుషుల్ని పిలుస్తుంది’ అంటే సరిపోతుంది. ‘తోడుంటే ధైర్యంగా ఉంటుంది’ అంటే మాత్రం ఎమోషనల్ సపోర్ట్ (పనికి శిక్షణ లేకుండా, మనసుకు తోడుగా ఉండే కుక్క) కిందికి పోతుంది. ఆ కుక్కలకు బస్సులో ఈ హక్కు లేదు.

సర్వీస్ డాగే అయినా అదుపులో లేకపోతే దింపేయవచ్చు. ఆపకుండా మొరగడం, మనుషుల మీదికి ఎగబడడం, బస్సులో మలమూత్రాలు విడవడం ఈ లెక్కలోకి వస్తాయి. చాలా తగాదాలు మాత్రం చోటు దగ్గరే మొదలవుతాయి. కూర్చున్నాక కుక్కను వెనక్కి నడిపించి, తోక వైపు నుంచి సీటు కిందికి పంపాలి. తల మీ అమ్మాయి కాళ్ల మధ్య ఉండాలి. తోక, పాదాలు దారిలోకి వస్తే ఎవరో ఒకరు తొక్కుతారు. లీష్ (కుక్కను పట్టుకునే తాడు) పొట్టిగా చేత్తోనే పట్టుకోవాలి. కడ్డీకి కడితే సడన్ బ్రేకుకు మెడ పట్టేస్తుంది. స్టేషన్లలో ఎస్కలేటర్ వద్దు. మెట్లు లోపలికి పోయే చోట గోళ్లు, వేళ్ల మధ్య బొచ్చు ఇరుక్కుని పాదం చీలిపోవచ్చు. లిఫ్టే ఎక్కాలి.

కుక్కకు అదనపు టికెట్ లేదు. విమానానికి మాత్రం చట్టమే వేరు. కుక్క ఆరోగ్యం, శిక్షణ, ప్రవర్తన గురించి అమెరికా రవాణా శాఖ ఫారం నింపి ఇమ్మని, టికెట్ ముందే కొన్నవాళ్లయితే 48 గంటల ముందే ఇమ్మని ఎయిర్‌లైన్స్ అడగవచ్చు. ప్రయాణం 8 గంటలు, ఆపైన అయితే మలమూత్రాల విషయంలో ఇంకో ఫారం కూడా.

ప్రశ్న: మేమూ అమెరికాలోనే ఉంటాం. రోజూ మా బస్సులో ఒక సర్వీస్ డాగ్ వస్తుంది. నాకు కుక్క ఎలర్జీ. మా బాబుకేమో దాన్ని నిమరాలని. ఏం చేయాలి?

జవాబు: ఎలర్జీ ఉందనో, భయమనో ఆ కుక్కను దింపించలేరు. డ్రైవరుకు చెప్పి వీలైనంత దూరంగా కూర్చోండి. బస్సులో మీరొక చివర, ఆ కుక్క ఇంకో చివర అయితే మేలు. బాబును నిమరనివ్వకండి, పిలవనివ్వకండి, తినడానికీ ఏమీ పెట్టనివ్వకండి. దృష్టి మళ్లితే యజమానికి రావలసిన హెచ్చరిక అందకపోవచ్చు. అదే కుక్క యజమాని లేకుండా ఒంటరిగా మీ దగ్గరికొస్తే మాత్రం తరిమేయకుండా దాని వెంట వెళ్లి చూడండి, ఆ మనిషి ఎక్కడైనా పడిపోయి ఉండవచ్చు.